తప్పుల డైరీ

మా అన్న దగ్గర ఒక పాత డైరీ ఉంది. అట్ట మీద సంవత్సరం ఎప్పుడో చెరిగిపోయింది. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘తప్పులు’ అని రాసుంటుంది. మా ఇంటి తప్పులు కావు, హైదరాబాద్ ఐపీఎల్ జట్టువి. 2008 నుంచి ఇప్పటిదాకా కొన్న పనికిరాని ఆటగాళ్ళు, వదులుకున్న మంచి ఆటగాళ్ళు, పెట్టుకున్న కోచ్‌లు, తీసేసిన కెప్టెన్లు. పక్కన ధర, తేదీ, తర్వాత ఏమైందో రెండు ముక్కలు. అన్నీ పెన్నుతో రాస్తాడు గానీ వరస నంబర్లు మాత్రం పెన్సిల్‌తో వేస్తాడు. అవి మారుతుంటాయి.

అన్న మందమర్రిలో కేకే ఫైవ్ బాయిలో పనిచేస్తాడు. ఫస్ట్ షిఫ్ట్ అయితే సాయంత్రం, సెకండ్ షిఫ్ట్ అయితే అర్ధరాత్రి దాటాక, స్నానం చేసొచ్చి హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ చేస్తాడు. “తమ్మీ, నాలుగును ఆరు చేసిన” అంటాడు, పలకరింపు కూడా లేకుండా. నాలుగు ఎవరో ఆరు ఎవరో నాకు తెలుసు. ఇక గంట గడిచిపోతుంది. మేమిద్దరం ఆస్తి పంపకాల గురించి గొడవ పడుతున్నామని మా అవ్వ చాలా రోజులు అనుకుంది. పంచుకోవడానికి ఏముందని కూడా అడిగింది.

అమెరికా, కెనడాల్లో ఐస్ హాకీ జట్లకు జనరల్ మేనేజర్ అని ఒక ఉద్యోగం ఉంటుంది. ఎవరిని కొనాలి, ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి, కోచ్‌గా ఎవరిని పెట్టాలి, అన్నీ ఆయనే చూసుకుంటాడు. ఏళ్ళ తర్వాత కూర్చుని తిట్టుకోవడానికి అభిమానులకు ఒక పేరుంటుంది. మనకు ఆ సుఖం లేదు. వేలం రోజు టీవీలో ఒక బల్ల కనపడుతుంది. బల్ల దగ్గర ఓనర్ తరఫున కావ్య మారన్, పక్కన కోచ్, ఇంకో పక్కన మురళీధరన్, ల్యాప్‌టాప్‌లు. పాడిల్ ఎవరు ఎత్తారో తెలుస్తుంది. ఎత్తమన్నది ఎవరో తెలియదు. జనం ఆమె మొహంలో నవ్వునీ విసుగునీ మీమ్స్ చేసుకుంటారు. అన్న మాత్రం ఎవరి పేరూ రాయడు. “బల్ల” అని రాస్తాడు. ‘బల్ల చేసిన తప్పు నం. 3’.

అన్న లెక్కలో దక్కన్ చార్జర్స్, సన్‌రైజర్స్ వేరు కాదు. ఓనర్లు మారారు, రంగు మారింది, ఊరు అదే. 2012లో చార్జర్స్‌ను బీసీసీఐ రద్దు చేసింది. అదే ఏడు సన్ టీవీ వాళ్ళు ఏడాదికి 85.05 కోట్ల లెక్కన హైదరాబాద్‌ను తీసుకున్నారు. కాబట్టి ఒకటో నంబర్ తప్పు చార్జర్స్‌దే. అది ఎన్నడూ మారలేదు. 2008లో అట్టడుగున ఉన్న జట్టు 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరు మీద ఆరు పరుగుల తేడా. రెండేళ్ళు తిరగకముందే 2011 పెద్ద వేలం వచ్చింది. ప్రతి జట్టూ నలుగురిదాకా ఉంచుకోవచ్చు. చెన్నై, ముంబై నలుగురేసి ఉంచుకున్నాయి. మనవాళ్ళు ఒక్కరినీ ఉంచుకోలేదు. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు పోయాడు. రోహిత్ శర్మ 20 లక్షల డాలర్లకు ముంబైకి పోయాడు.

“అక్కడ కెప్టెన్ అయి అయిదు కప్పులు కొట్టిండు” అని నేను ప్రతిసారీ అంటాను. అన్న ప్రతిసారీ నన్ను సరిదిద్దుతాడు.

“అయిదు కప్పులను లెక్కల వెయ్యకు. అవి ఆనాడు ఎవ్వలకు తెల్వయ్. ఆనాడు తెలిసినయి చూడు. పిల్లగానికి ఇరవై మూడేండ్లు. 2007 ప్రపంచకప్పు గెలిచిన జట్టుల ఉన్నడు. నీకు కప్పు తెచ్చిన జట్టుల ఉన్నడు. గంత తెలిసి ఇడిసిపెట్టిండ్రు. గందుకు అది తప్పు. కప్పులు రాకపోయినా తప్పే.”

డైరీ మొత్తానికి సూత్రం ఇదే. ఫలితాన్ని బట్టి కాదు, ఆ రోజు బల్ల మీద ఏముందో దాన్ని బట్టి తీర్పు చెప్పాలి. వినడానికి తేలికే. పాటించడం కష్టం. ఫలితం తెలిసిపోయాక ఆ రోజులోకి వెనక్కి పోవడం ఎంత కష్టమో ఈ డైరీ వల్లే నాకు తెలిసింది.

హ్యారీ బ్రూక్ సంగతి తీసుకోండి. 2022 డిసెంబర్‌లో 13.25 కోట్లు. మరుసటి సీజన్లో పదకొండు మ్యాచుల్లో 190 పరుగులు, అందులో వంద ఒక్క ఈడెన్ గార్డెన్స్‌లోనే. అందరి జాబితాల్లోనూ ఇది పెద్ద తప్పు. అన్న జాబితాలో లేదు. అదే నెలలో బ్రూక్ పాకిస్తాన్‌లో మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టి వచ్చాడు. ఆ రోజు ఎవరైనా కొనేవాళ్ళే. “మనకు కలిసిరాలే. కలిసిరాకపోవుడు తప్పెట్లయితది?” అంటాడు.

నికొలస్ పూరన్‌ది దీనికి తలకిందులు. 2022లో 10.75 కోట్లు పెట్టి కొన్నప్పుడు నవ్వారు, అంతకుముందు సీజన్లో అతను పన్నెండు మ్యాచుల్లో 85 పరుగులు చేశాడు కాబట్టి. మనకు వచ్చాక 306 పరుగులు చేశాడు, అదీ వేగంగా. అప్పుడు వదిలేశారు! లక్నో 16 కోట్లకు తీసుకుంది. 2023 మే 13న ఉప్పల్ స్టేడియంలో నేనున్నాను. అభిషేక్ శర్మ వేసిన ఒక్క ఓవర్లో లక్నో 31 పరుగులు చేసింది. అందులో చివరి మూడు సిక్సర్లు పూరన్‌వి. ఆ మూడో సిక్సర్ గాల్లో ఉండగానే అన్న నుంచి మెసేజ్: “మూడుకు పెంచిన.”

రషీద్ ఖాన్‌ది కాస్త చిక్కు. 2021 నవంబర్‌లో విలియమ్సన్‌ను 14 కోట్లకు ఉంచుకుని, సమద్, ఉమ్రాన్‌లను నాలుగేసి కోట్లకు ఉంచుకుని రషీద్‌ను వదిలారు. మొదటి స్థానం తనకే కావాలని అతను అడిగాడని వార్తలొచ్చాయి. గుజరాత్ 15 కోట్లకు తీసుకుంది, మొదటి ఏడే కప్పు కొట్టింది. విలియమ్సన్ ఆ సీజన్లో పదమూడు మ్యాచుల్లో 216 పరుగులు చేశాడు. ఏడాది తిరిగేసరికి ఆయన్నీ వదిలేశారు. ఇక్కడ మా ఇద్దరికీ గొడవ. ఇరవై ఓవర్ల ఆటలో నాలుగు ఓవర్లు కట్టేసే బౌలర్‌ను మించింది లేదని నేను. ఉండనని అన్నవాణ్ణి ఉంచుకోవడం ఎవరి తరమూ కాదని అన్న.

వార్నర్ విషయంలో గొడవ లేదు. 2021 మే 1న సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు. ఆరు మ్యాచుల్లో ఒక్కటే గెలిచారు, తీసేయొచ్చు. మరుసటి రోజు జట్టులోంచీ తీసేశారు. అతనప్పుడు సరిగ్గా ఆడటం లేదు, అదీ సరే. కానీ 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చిన మనిషి, మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ పెట్టుకున్న మనిషి, తర్వాత తర్వాత జట్టుతోపాటు డగౌట్‌లో కూడా లేడు. ఆ ఏడు మనం మూడంటే మూడు గెలిచి ఆఖరున నిలిచాం. నవంబర్‌లో వార్నర్ టీ20 ప్రపంచకప్పులో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ అయ్యాడు. అన్న దీన్ని రెండో నంబర్‌లో రాసి పక్కన ఒక్క మాట పెట్టాడు: ‘తీసేసుడు తప్పు కాదు, తీసేసిన తీరు తప్పు.’

కోచ్‌ల పేజీ వేరే ఉంది. 2019 నుంచి 2024 దాకా ఆరు సీజన్లు: మూడీ, బేలిస్, బేలిస్, మళ్ళీ మూడీ, లారా, వెటోరి. 2016లో కప్పు తెచ్చిన మూడీని పంపించి, మళ్ళీ పిలిచి, మళ్ళీ పంపించారు. ఐపీఎల్లో అంతకుముందు ఏ జట్టుకూ హెడ్ కోచ్‌గా చేయని బ్రయాన్ లారాకు 2023లో జట్టును అప్పజెప్పారు. పద్నాలుగులో నాలుగు గెలిచి పదో స్థానం. గొప్పగా ఆడినవాడు గొప్పగా నేర్పుతాడనుకోవడం మన దగ్గర పాత జబ్బే. లారాను ఒక్క ఏడుకే పంపించడం ఇంకో తప్పని అన్న వాదన. నేనొప్పుకోను. వెటోరి వచ్చాకే కదా, కమిన్స్‌కు 20.5 కోట్లు పెట్టారని నవ్విన జట్టు 2024 ఫైనల్‌కు పోయింది.

మా బాపు ఈ చర్చల్లో ఎప్పుడూ దూరడు. ఆయన అభ్యంతరం ఒక్కటే. “మనోళ్ళు మనోళ్ళు అంటరు, మనోడొక్కడు లేకపాయె.” సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొని మరుసటేడు వేలంలో అదే 2.6 కోట్లకు బెంగళూరుకు పోనిచ్చారని, తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నాడని ఆయనకు తెలుసు. నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడు కదా అంటే, “వైజాగ్ మంచూరు ఎప్పుడైంది?” అంటాడు.

ఇప్పుడు 2018 గురించి చెప్పాలి.

ఆ నవంబర్ మొదట్లో సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చేసింది. బదులుగా విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ అని పద్దెనిమిదేళ్ళ పంజాబ్ పిల్లవాడు. ధావన్ ధర 5.2 కోట్లు. ఈ ముగ్గురిదీ కలిపి 6.95 కోట్లు. శంకర్, నదీమ్ చెరి 3.2, పిల్లవాడు 55 లక్షలు. అంటే మన ఓపెనర్‌ను ఇచ్చి ఎదురు డబ్బు కూడా కట్టాం. డైరీలో దీన్ని రెండు పేజీల నిండా రాశాడు అన్న. 2019లో ధావన్ 521 పరుగులు. 2020లో వరసగా రెండు సెంచరీలు, ఐపీఎల్లో ఆ పని చేసిన మొదటివాడు. అదే ఏడు నవంబర్ 8న మనల్ని ఫైనల్ గుమ్మంలో ఆపేసిన ఢిల్లీ జట్టులో 78 పరుగులూ అతనివే. అప్పట్లో ఇది రెండో నంబర్.

సరిగ్గా అదే నవంబర్‌లో మా ఇంట్లో ఇంకో నిర్ణయం జరిగింది.

బాపు కోల్ ఫిల్లర్‌గా చేరి ముప్పై ఏళ్ళకు పైగా బాయిలో దిగాడు. 2018 నాటికి మోకాళ్ళు, నడుము పనిచేయడం మానేశాయి. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక, ఆరోగ్యం చెడి పని చేయలేని కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలన్న దారి అప్పుడే తెరుచుకుంది. బాపు కొత్తగూడెం మెడికల్ బోర్డుకు పోయాడు. అన్‌ఫిట్ అయ్యాడు. ఉద్యోగం ఒకటి. కొడుకులం ఇద్దరం.

నాకు ఇరవై ఒకటి, బీటెక్ ఆఖరు సంవత్సరం. అన్నకు ఇరవై ఆరు. గ్రూప్-2 రాసి అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని ఉన్నాడు. 2016 నవంబర్‌లో జరిగిన పరీక్ష అది, కోర్టు కేసుల్లో పడి రెండేళ్ళయినా తేలలేదు. మా ఇద్దరిలో చదువంటే అన్నదే. పదో తరగతిలో, ఇంటర్లో నా మార్కులు చూసి సార్లు “నువ్వు వాని తమ్మునివేనా?” అని అడిగేవాళ్ళు. బాపు ఇంటికొచ్చి అన్నం తిని, “పెద్దోడు చేరుతడు” అన్నాడు. అంతే. అన్న రూమ్ ఖాళీ చేసి పుస్తకాలు రెండు సంచుల్లో కట్టుకుని రైల్లో వచ్చాడు. బదిలీ వర్కర్‌గా చేరాడు. 2019లో గ్రూప్-2 ఇంటర్వ్యూలకు ఒక్కో పోస్టుకు ఇద్దరిని పిలిచారు. అన్నకు పిలుపొచ్చింది. పోలేదు. ఆ వారం మస్టర్లు పోతాయన్నాడు.

చదువుకునేవాణ్ణి బాయిలోకి దింపి, అంతంతమాత్రం వాణ్ణి హైదరాబాద్ పంపారు. నా దృష్టిలో మా ఇంట్లో జరిగిన అతి పెద్ద తప్పు ఇదే. దీనివల్ల బాగుపడ్డది నేను. అందుకే నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. నాకు ఉద్యోగం వచ్చింది, జీతం పెరిగింది, ఉప్పల్లో టికెట్ కొనుక్కునే స్థోమత వచ్చింది. స్టేడియంలో కూర్చుని ఫోన్లో స్కోరు చెబుతుంటే అవతల అన్న నైట్ షిఫ్ట్‌కు బూట్లు వేసుకుంటున్న చప్పుడు వినపడేది. బల్లను తిట్టడంలో నా గొంతు అన్న గొంతు కంటే ఎప్పుడూ గట్టిగా ఉండేది. ఎవరిని తిడుతున్నానో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది.

తర్వాత రెండూ తిరగబడ్డాయి.

2023 జనవరిలో నా ఉద్యోగం పోయింది. ఒక ఉదయం ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు, అంతే. అయిదు నెలలు అన్న నా రూమ్ అద్దె కట్టాడు. అప్పటికి అతను జనరల్ మజ్దూర్. సొంత క్వార్టర్, నెల తిరగకుండా జీతం, దసరాకు లాభాల వాటా. 2024లో అది 33 శాతం. మందమర్రిలో పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళ లెక్కలో నేను వీగిపోయాను, అన్న నిలబడ్డాడు. బాపు నిర్ణయం ఉన్నట్టుండి గొప్ప ముందుచూపుగా కనపడసాగింది. చుట్టాలు ఆ మాట పైకే అన్నారు.

అటు, ధావన్ బదులు వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఎప్పుడో పోయారు. మిగిలిన పిల్లవాడు, 2023లో పూరన్ చేత సిక్సర్లు తిన్న ఆ అభిషేక్ శర్మ, 2024లో 204 స్ట్రైక్ రేట్‌తో 484 పరుగులు చేశాడు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్లో పంజాబ్ మీద 55 బంతుల్లో 141. మనం 246 కొట్టి గెలవాల్సిన మ్యాచ్ అది. సెంచరీ కాగానే జేబులోంచి కాగితం తీసి అభిమానులకు చూపించాడు. ఆ రాత్రి అన్న ఫోన్ చేసి, “ధావన్‌ది కొట్టేసిన” అన్నాడు. రెండు పేజీల మీదా అడ్డంగా ఒక గీత.

“కొట్టేసుడేంది?” అన్నాను. “ఫలితాన్ని చూడొద్దని నువ్వే అంటవు కదా. నలుగురు ఓపెనర్ల పెట్టు ఆడుతడని ఆనాడు బల్లకు తెలుసా?”

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గది కూడా నిజమే” అన్నాడు.

మొన్న 2025 దసరాకు ఇంటికి పోయాను. క్వార్టర్ ముందు వేపచెట్టు కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అన్న డైరీ తెచ్చాడు. ఏమనిపించిందో, అడిగేశాను.

“డైరీల లేని తప్పొకటి ఉందన్నా. 2018 నవంబర్ది. బాపు చేసింది.”

అన్నకు వెంటనే అర్థమైంది. నా వైపు చూడకుండా పేజీలు తిప్పి ధావన్ పేజీ దగ్గర ఆపాడు. “ధావన్‌ను ఎవలు పంపిండ్రు?”

“బల్ల.”

“మల్ల సదువు.”

చదివాను. కొట్టేసిన గీత కింద అన్న చేతిరాతే. వేలంలో తనను 5.2 కోట్లకే లాక్కున్నారని ధావన్ అసంతృప్తిగా ఉన్నాడు, నిబంధనల ప్రకారం ధర పెంచే వీల్లేదు, అందుకే పంపుతున్నామని జట్టు ఆ రోజే ప్రకటన ఇచ్చింది. మేమిద్దరం ఇన్నేళ్ళు దాన్ని పక్కన పెట్టి తిట్టాం.

“ఆయనే పోత అన్నడు” అన్నాను.

“గంతే. నేనే అడిగిన. బోర్డుకు పోయే ముందటి రోజు బాపుకు ఫోన్ చేసి నాకియ్యుమన్న.”

“మరి ఇంటర్వ్యూ?”

“ఇద్దరిల ఒక్కనికి అస్తది. ఇంట్ల అప్పుడున్నదెంత? బాపుకు పని లేదు. అవ్వకు షుగర్. నీ ఫీజు రెండో విడత కట్టాలె. సగం ఆశ పట్టుకొని ఇంకెన్ని నెలలు కూసుంట?”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు సదువు ఇడిసిపెట్టి అస్తుంటివి. వద్దన్న. బాపు కూడ వద్దన్నడు.”

ఏడేళ్ళు నేను మనసులో బాపును దోషిని చేశాను. ఆయన పండగకు కొత్త చొక్కా ఇస్తే ముక్తసరిగా తీసుకున్నాను. ఆ రోజు బల్ల మీద ఉన్నవాటిలో నా ఫీజు కూడా ఒకటని ఒక్కసారి తట్టలేదు. అన్న సూత్రం నోటికొచ్చు, ఇంటికి మాత్రం వర్తింపచేయలేదు.

అయితే ఒక్కటి పట్టుకుంటోంది. బాపు ఆ రోజు అన్నం తిని “పెద్దోడు చేరుతడు” అన్నప్పుడు, అవ్వ “వాని పరీచ్చ సంగతి?” అని అడిగింది. “వానికి నేను చెప్త” అన్నాడు బాపు. నాకు బాగా గుర్తు. అప్పటికే అన్న అడిగి ఉంటే, ఇంకా చెప్పాల్సింది ఏముంటుంది? అవ్వ ముందు దాచడానికి అలా అన్నాడా? లేక బాపును నా ముందు నిలబెట్టడానికి అన్న ఇప్పుడీ మాట అంటున్నాడా? జట్టు ఇచ్చే ప్రకటనలూ అంతే కదా. వెళ్ళిపోయినవాడే వెళ్తానన్నాడని బల్ల చెబితే నమ్మాలా వద్దా అని ఎన్ని రాత్రులు వాదించుకోలేదు మేము.

బాపును అడిగితే తేలిపోతుంది. ఆయన అప్పుడు లోపలి గదిలోనే ఉన్నాడు. లేవబోయాను. అన్న చేయి పట్టి కూర్చోబెట్టాడు. గట్టిగా ఏం కాదు, మామూలుగానే. కూర్చున్నాను.

డైరీ నా ఒళ్ళో పెట్టి పెన్సిల్ ఇచ్చాడు. “ధావన్‌కు నంబర్ నువ్వెయ్యి” అన్నాడు. చాలాసేపు చూసి, గీత పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. అన్న ఏమీ అనలేదు.

కాసేపటికి బాపు చేతికర్ర పట్టుకుని బయటికొచ్చాడు. లేచి నా కుర్చీ ఇచ్చాను. కూర్చుని డైరీ వైపు చూశాడు.

“మల్ల వేలం ఎప్పుడురా?”

“డిసెంబర్ల, బాపూ.”

“ఈసారన్న మనోన్నొక్కన్ని కొనుమనుండ్రి” అన్నాడు.